పిట్ట ఎంగిలి

ఆ ఏడు మా పెరటి జామచెట్టు విరగకాసింది. అయినా ఇంట్లో ఎవరమూ ఒక్క కాయ కొరికి తినలేదు. చెట్టుకు చెట్టే పిట్టకు వదిలేశాం. పిట్ట పొడిచిన పండు మాత్రం కోసి, పొడిచిన వైపే, కత్తి తగలనివ్వకుండా చేత్తో తుంచి నా కొడుకు నోట్లో పెట్టేవాళ్ళం.

వాడి పేరు చెన్నకేశవులు. మూడు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. నోట ఒక్క మాట లేదు. ఏడిస్తే ఇల్లు దద్దరిల్లేది. నవ్వితే వీధిలోకి వినబడేది. ఆ రెండింటి మధ్య ఉండాల్సిన మాటలే లేవు.

మా అత్త లింగమ్మ చెయ్యని వైద్యం లేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. మిరపకాయలతో దిష్టి తీసింది. అహోబిలం కొండెక్కి మొక్కుకుంది. చివరికి ఒక పొద్దున నన్ను పెరట్లోకి లాక్కొచ్చి జామచెట్టు చూపించింది.

"పిట్ట ఎంగిలి పెడదాం పిల్లా. మా చిన్నాయన కొడుక్కి ఐదేండ్లు వచ్చినా మాట రాల్యా. చిలక కొరికిన పండు పెడితే, ఇప్పుడు వాని నోరు మూయించేటోడు ల్యా."

కానీ ఆ ఏడు చిలకలు ఊరి ఛాయలకే రాలేదు. జొన్న కంకులు గింజ పట్టే కాలం. చేలన్నిటా మంచెలెక్కి వడిసెలలు తిప్పుతున్నారు. చిలకలు బెదిరి నల్లమల వైపు పోయాయి. కనుమ వెళ్ళిన మూడో నాడు మా పెరట్లోకి వచ్చింది వేరే పిట్ట. ఒళ్ళంతా పసుపు, తల నలుపు, ముక్కు ఎరుపు.

"వంగపండు పిట్ట" అంది మా అత్త, చూపు ఆనక చెయ్యి అడ్డం పెట్టుకుని. "మా అమ్మగారి ఊరి తోటల్లో ఉండేది. చిలక కాకపోతే పీడా పాయె. గొంతు తియ్యగుండాలంతే. తియ్యని గొంతుండే పిట్ట ఎంగిలి యాదైనా ఒకటే."

ఆ పిట్టకు సిగ్గు మహా ఎక్కువ. గొంతు ముందొచ్చేది, పిట్ట తర్వాతొచ్చేది. ఇరుకు మూతి చెంబులోంచి నీళ్ళు వంచినట్టు గుళగుళమని ఆకుల్లో ఎక్కడో పాడేది. అటూ ఇటూ వెతికేలోపల ఆగిపోయేది. నా గాజులు గల్లుమన్నా చాలు, చెట్టు ఖాళీ. అందుకని గాజులకు పాతగుడ్డ చుట్టుకున్నాను. పొద్దున్నే కల్లాపి చల్లి, కేశవుణ్ణి తీసుకుని గడ్డివామి పక్కనున్న బండ మీద కూర్చునేదాన్ని. వాడితో ఇబ్బంది లేదు. వాడు చప్పుడు చెయ్యడు. కుదురు లేనిది నాకే. కాలు కదుపుతాను, కొంగు సర్దుకుంటాను, పొయ్యి మీద పాలు పొంగుతాయేమో అనుకుంటాను, లేవబోయి మళ్ళీ కూర్చుంటాను.

నా పేరు ఉమ, మాది నంద్యాల. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటకెక్కించి నాకు పెళ్ళి చేశారు. ఆళ్ళగడ్డకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఈ పల్లెకు వచ్చి ఐదేళ్ళయింది. ఎనిమిదో తరగతి దాకా చదివిన బుర్ర ఊరికే ఉండదు కదా. మా అత్త వీడి నాలుక గురించే ఆలోచించేది. నేను చెవుల గురించి ఆలోచించేదాన్ని. వీడికి మాట రాదా, వినబడదా? ఆ ప్రశ్నను పైకి అనడానికి భయం. అంటే నిజమైపోతుందేమోనని.

అనకుండా పరీక్షలు పెట్టేదాన్ని. వాడి వెనక చెంబు కింద పడేస్తే తిరిగి చూసేవాడు. తలుపు దబ్బున వేస్తే ఉలిక్కిపడేవాడు. "కేశవా" అని పిలిస్తే ఒకసారి తిరిగేవాడు, పదిసార్లు తిరిగేవాడు కాదు. తిరిగినప్పుడు కడుపులో పాలు పోసినట్టుండేది. తిరగనప్పుడు, ఆటలో ఉన్నాడులే అనుకునేదాన్ని.

పార్వేట పల్లకి మా ఊరికి వచ్చింది ఆ వారంలోనే. కనుమ నాడు కొండ దిగిన నరసింహస్వామి నలభై దినాలు పల్లకిలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. తన పెళ్ళికి రమ్మని స్వామే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడని మావాళ్ళ నమ్మకం. ఊరంతా వీధిలోనే ఉంది. కేశవుడు నా పక్కన చెప్పుల్లేకుండా దుమ్ములో నిలబడ్డాడు. డప్పులు మా అరుగు ముందుకు రాగానే వాడు రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత డప్పుకు తగ్గట్టు ఒకటే ఎగరడం, నవ్వడం.

"చూసినారా! చూసినారా!" మా అత్త వీధి వీధంతా వినేటట్టు అరిచింది. "సెవుల్లేనోడు ఇట్ల ఎగురుతాడా? దరువు తప్పుతాండాడేమో చూడండి!"

నిజమే, తప్పలేదు. మా ఆయన పుల్లయ్య మాట తక్కువ మనిషి. కొడుకును భుజాన ఎక్కించుకుని పల్లకి వెంట ఊరి చివరిదాకా పోయాడు. వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఆయన ముఖంలో నవ్వు పోలేదు.

ఆ నవ్వుకు నేను ఇంకొంచెం నూనె పోశాను. రెండు రోజుల తర్వాత బండ మీద కూర్చుని ఉన్నాం. పిట్ట ఎదురుగా ఉన్న కొమ్మ మీదకు వచ్చి కూర్చుంది. మెడ ముందుకు చాచి పాడింది. కేశవుడు దాన్నే చూస్తూ ముఖమంతా వెలిగి నవ్వాడు. పిట్ట గొంతు ఆడుతుంటే వాడి గొంతు దగ్గర కూడా ఏదో ఆడింది. పిట్ట ఎగిరిపోగానే నేను గుడ్డ చుట్టిన గాజులతోనే లోపలికి పరుగెత్తాను.

"అత్తా! వాడు పాట వింటాండాడు! పిట్ట పాడతాంటే నవ్వుతాండాడు!"

రొట్టెలు తడుతున్న మా అత్త చెయ్యి ఆగింది. పిండి చేత్తోనే నా బుగ్గ నిమిరింది. ఆమె నన్ను అట్లా తాకడం పెళ్ళయిన ఐదేళ్ళలో అదే మొదలు.

"నేను చెప్పలే? సెవులు బాగుండాయి నా మనవనికి. అయితే ఇంగ నాలికదే." పెనం మీది రొట్టె తిరగేసి అంది. "అవుకు పోయే దారిలో రంగయ్య అని ఒకాయప్ప ఉండాడు. నాలిక కింద నరం బిగుసుకుంటే కత్తితో రొంత తెంచుతాడంట. సెవులు బాగుండేటోళ్ళకే చేస్తాడంట. అందుకే ఇన్నాళ్ళూ నేను ఆగింటి. పై బేస్తవారం పోదాం. ఒరే పుల్లయ్యా, బండి చక్రాలకు కందెన పెట్టు."

 సంతోషం చెప్పబోయి కత్తి తెచ్చాను.

ఆ మధ్యాహ్నం పశువుల కొట్టం ఊడుస్తూ హన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె మా ఇంట్లో పేడకళ్ళు ఎత్తుతుంది, ఆదివారం ఊరి చివరి చర్చికి పోయి ప్రార్థన చేసుకుంటుంది. గొంతు తగ్గించి అడిగింది.

"రంగయ్య కాడికి పోతాండారంట గదమ్మా?"

"అవునంట."

"పెద్దమ్మకు చెప్పొద్దు నేను చెప్పినానని. మా చెల్లెలి బిడ్డకు ఆయప్పే కోసినాడు. నోరు వాసి నీళ్ళు గూడా గుటక పడల్యా. తొమ్మిది దినాలుండె."

"తర్వాత?"

"తర్వాతేముందమ్మా." చీపురు చేతికి తట్టుకుంది. "అందరికీ అట్లే అయితాదని కాదులే. బాగైనోళ్ళు గూడా ఉండారంట. నేనైతే సూడల్యా."

సాయంత్రం మా ఆయన ఎద్దులకు కుడితి పెడుతున్నప్పుడు పక్కకు పోయి నిలబడ్డాను.

"రంగయ్య దగ్గరికి వద్దని మీ అమ్మకు చెప్పరాదా?"

"ఏమని చెప్పేది?"

"భయమైతాందని చెప్పు."

"భయం నాక్కూడా ఉంది." కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి తవుడు కలుపుతూ అన్నాడు. "వాడు వింటాడని చెప్పింది నువ్వే కదా. వినేటోడికి మాట రాల్యాదంటే ఇంగ నాలికే కదా చెడింది. తప్పా?"

తప్పు కాదు. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్కకు మొదటి అంకె వేసింది నేనే.

మర్నాడు పిట్టను చూడలేదు నేను. కొడుకును చూశాను. పిట్ట ఆకుల్లో దాక్కుని పాడింది. వాడు చీమల బారును చూసుకుంటున్నాడు. పిట్ట బయటికి వచ్చింది. పసుపు కనబడగానే వాడు నవ్వాడు. అప్పుడు పిట్ట పాడటం లేదు, రెక్క సర్దుకుంటోంది. అయినా నవ్వాడు.

నేను లేచి ఇంట్లోకి పోయాను. బియ్యం ఏరాను. మళ్ళీ వచ్చాను. 

సోమవారం కావాలని వాణ్ణి చెట్టుకు వీపు పెట్టించి కూర్చోబెట్టాను. పిట్ట చాలాసేపు రాలేదు. వచ్చాక ఆనాడెందుకో దానికి మేమంటే భయం పోయినట్టుంది. వాడి తలకు రెండు మూరల ఎత్తున, బట్టలారేసే దండెం కట్టిన కొమ్మ మీద కూర్చుని పాడింది. గుళగుళమని, ఆగి, మళ్ళీ, ఇంకొంచెం పైకెత్తి. అంత దగ్గరగా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేను వాడి వీపునే చూస్తున్నాను. సన్నటి మెడ, మొలతాడు, వెన్నుపూసలు. ఏదీ కదల్లేదు.

పిట్ట పోయింది. వాడు తలెత్తి నా ముఖం చూసి నవ్వాడు.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. లోపం నాలుకదైతే తెంచితే పోతుందనే ఆశైనా ఉంది. చెవులదైతే ఆ ఆశ కూడా నేనే తెంచినట్టవుతుంది. డప్పుకు ఎగిరాడు కదా అని ఒకసారి అనుకున్నాను. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు కదా అని ఇంకోసారి. తర్వాత నేనే అరుగు మీద కూర్చుని చెవులు గట్టిగా మూసుకుని, హన్నమ్మను రోట్లో రోకలి వెయ్యమన్నాను. అరికాళ్ళలోంచి, రొమ్ములోంచి వచ్చింది దెబ్బ. చెవులతో పనే లేదు.

"ఏందమ్మా ఈ ఆట?" అని నవ్వింది హన్నమ్మ.

బుధవారం అన్నాలప్పుడు చెప్పేశాను. మా అత్త ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను చూసింది.

"మొన్న వింటాడంటివి. నేడు వినడంటాండావ్. నంద్యాల సదువు దినానికొక మాట చెప్తాదా?"

"మొన్న నేను సరిగ్గా చూడల్యా అత్తా. వాడు పిట్టను చూసి నవ్వినాడు, పాట విని కాదు. డప్పు గూడా కాళ్ళల్లోంచి తెలిసింది వానికి."

"కాళ్ళతో వింటారా ఎవరైనా?" మా ఆయన వైపు తిరిగింది. "విన్నావురా? నీ పెండ్లాం కాళ్ళతో వింటాదంట! కత్తికి భయపడి సాకులు చెప్తాంది. బిడ్డ రొంతసేపు ఏడుస్తాడని ఓర్చుకోలేక, జన్మంతా మూగోణ్ణి చేస్తాంది."

"అత్తా, నేను—"

"కన్నతల్లి నోరేనా అది? నా మనవణ్ణి సెవిటోడంటావా?"

అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది. మా ఆయన తలెత్తలేదు, తిన్నాడో లేదో నాకు తెలియదు. నేను ఎంగిలి కంచాలు తీస్తుంటే ఒక్క మాట అడిగాడు.

"ఆ పిట్ట పొద్దున ఎప్పుడొస్తాది?"

"ఎండ వామి మీదికి వచ్చేటప్పుడు."

"బండి కట్టేదీ అప్పుడే" అని లేచిపోయాడు.

బేస్తవారం. వీధిలో బండి కట్టి ఉంది. ఎద్దుల మెడల్లో మువ్వలు. మా అత్త దుప్పట్లు, రొట్టెలు, కోశాక నోట్లో వెయ్యడానికని పసుపు, నెయ్యి మూట కడుతోంది. నేను కేశవుడికి తల దువ్వి పెరట్లోకి తీసుకుపోయాను. మా ఆయన వామి వెనక గొంతుకూర్చుని ఉన్నాడు. తలగుడ్డ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వాడు బండ మీద చింతపిక్కలు వరసగా పేర్చుకోసాగాడు, చెట్టుకు వీపు పెట్టి. నేను పక్కకు తప్పుకున్నాను.

పిట్ట రాలేదు. ఎండ వామి మీదికి వచ్చింది, వామి దిగి గోడ ఎక్కింది. కొత్త మనిషి వాసన పట్టిందేమో. వీధిలోంచి మా అత్త పిలుస్తోంది. "పొద్దెక్కుతాంది, యాడ చచ్చినారు మీరంతా?"  మా ఆయన లేవబోయాడు. వద్దని చెయ్యి ఊపాను. మళ్ళీ కూర్చున్నాడు. రాకపోతే ఏం చెయ్యాలి? బిడ్డను ఎత్తుకుని ఆళ్ళగడ్డ దాకా పరుగెత్తి నంద్యాల బస్సెక్కాలా? చేతిలో దుడ్లు లేవు, ఒంటరిగా బస్సెక్కిన అనుభవమూ లేదు. అయినా చెప్పులు ఎక్కడున్నాయా అని కళ్ళతో వెతుక్కున్నాను.

అప్పుడు వినిపించింది. మొదట గోడ అవతలి వేపలోంచి. తర్వాత జామచెట్టు చిటారు నుంచి. తర్వాత కొమ్మ కొమ్మా దిగి, దండెం కొమ్మ మీదికి. ఇన్నాళ్ళ సిగ్గంతా తీర్చుకున్నట్టు పాడింది. కొట్టంలో హన్నమ్మ చీపురు చప్పుడు ఆగిపోయింది. గుంజకు కట్టిన దూడ రెండు చెవులూ ఎత్తి చెట్టు వైపు తిప్పింది.

వాడు ఇంకొక చింతపిక్క తీసి వరసలో పెట్టాడు. అది పక్కకు దొర్లితే మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

మా ఆయన వామి వెనక నుంచి లేచాడు. పిట్ట తుర్రుమంది. ఆయన మెత్తగా అడుగులేస్తూ కొడుకు వెనకకు వచ్చి "కేశవా" అన్నాడు. ఆ పిలుపు ఎప్పటిలాగా లేదు. ఇంకోసారి పిలిచాడు. నీడ చింతపిక్కల మీద పడినప్పుడు వాడు తిరిగి చూసి, నాయన్ని గుర్తుపట్టి చేతులు చాచాడు. ఆయన ఎత్తుకోలేదు. నా వైపు కూడా చూడకుండా ఇంట్లోంచి వీధిలోకి నడిచాడు.

నేను వాకిలి దాకా పోయేసరికి ఆయన కాడి దించి ఎద్దుల మెడపలుపులు విప్పుతున్నాడు.

"ఏందిరా నీకు పట్టింది?" మా అత్త మూట పట్టుకుని బండి పక్కన నిలబడి ఉంది. "కట్టిన ఎద్దులను విప్పుతాండావు?"

"పోవద్దులేమా."

"యాల?"

"వాని నాలిక బాగుంది" అన్నాడు. ఎద్దు వీపు మీద చెయ్యి వేసి అక్కడే ఉండిపోయాడు. 

మా అత్తకు అర్థమయింది. కోడలు చెబితే సాకు. కొడుకు ఎద్దులను విప్పితే సాకు కాదు. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె నన్ను తిట్టలేదు. కాలు తొక్కబోయిందని ఎద్దును తిట్టింది. మూటను తిట్టింది. అరుగెక్కి కూర్చుని, విప్పిన మూటలోంచి రొట్టెలు తీసి ఎందుకో లెక్కపెట్టి మళ్ళీ కట్టింది.

"నీకు ఎన్నాళ్ళ సంది తెలుసునే?" అంది, నన్ను చూడకుండానే.

"సోమవారం నుంచి."

"సోమవారం." మూట ముడి ఇంకొంచెం బిగించింది. "మూడు దినాలు ఒక్కదానివే మోస్తివా?"

నేను ఏడ్చింది అప్పుడే.

ఆ నెలాఖరున నంద్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాం. ఆయన ఇనుప పుల్లలేవో మోగించి చూశాడు. కొత్తగా చెప్పింది ఏమీ లేదు. నాలుక జోలికి ఎవరినీ పోనివ్వొద్దన్నాడు. ఆ మాట మా అత్త ఎదురుగా చెప్పించాను.

కానీ నాకు ఆ కాలం తలుచుకుంటే గుర్తొచ్చేది డాక్టరు కాదు, ఆ బేస్తవారం మధ్యాహ్నమే. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. వాడు ఇంకా బండ దగ్గరే ఉన్నాడు. అన్నానికి పిలవడానికి మా అత్త పెరట్లోకి వచ్చింది. అలవాటు కొద్దీ వెనక నుంచే "ఒరేయ్ కే—" అని నోరు తెరిచి, సగంలో మూసుకుంది.

 తర్వాత కోక కుచ్చెళ్ళు ఎగదోపుకుని, బండ చుట్టూ తిరిగి వాడి ముందుకు వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, బండ పట్టుకుని మెల్లగా వాడి ముఖమంత ఎత్తుకు కిందికి దిగింది. వాడు చూసేదాకా ఆగింది. చూశాక, అయిదు వేళ్ళూ దగ్గరకు చేర్చి నోటి దగ్గర పెట్టుకుంది.

వాడు ఆ చేతిని చూశాడు. అవ్వ ముఖాన్ని చూశాడు. తన వేళ్ళు దగ్గరకు చేర్చుకుని, ముందు ఆమె నోటి దగ్గర పెట్టాడు, తర్వాత తన నోటి దగ్గర.

"ఇద్దరం తిందాం అంటాండాడే!" అని కేక వేసింది మా అత్త. "ఉమా! బిరీన రెండు కంచాలు పెట్టు!"